లెక్కల్లో మేటి.. మాటల్లో తడబాటు!

బళ్లారి: ఇంట్లో తెలుగు.. వీధిలో కన్నడం.. తరగతిలో ఇంగ్లీషు. ఇలా పెరిగిన సరిహద్దు విద్యార్థుల్లో చాలామందికి జీఆర్‌ఈ లెక్కలు ఓ లెక్కే కాదు. చిక్కంతా వెర్బల్‌తోనే. 170కి 145 దగ్గరే ఆగిపోతే అమెరికా ఆశ అటకెక్కినట్టేనని దిగులు పడుతుంటారు. అంత బెంగ అక్కర్లేదు. 21 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు. ఏడాదిలో 5 సార్ల వరకు వీలుంది. మంచి స్కోరునే వర్సిటీలకు పంపుకోవచ్చు. అయితే ప్రతిసారీ పూర్తి ఫీజు కట్టాల్సిందే. అందుకే తప్పెక్కడో తేలాకే తేదీ తీసుకోవాలి.

2023 సెప్టెంబరు నుంచి వెర్బల్‌లో 27 ప్రశ్నలు, 41 నిమిషాలే. దాదాపు సగం పేరాలు చదివి రాసేవే. పదాల జాబితా బట్టీ పడితే ఇవి లొంగవు. రోజూ ఇంగ్లీషు సంపాదకీయం ఒకటి చదివి, అందులో ఏముందో అమ్మకు తెలుగులో రెండు ముక్కల్లో చెప్పి చూడాలి. చెప్పలేకపోతే అర్థం కానట్టే! ఖాళీలు పూరించేటప్పుడు ఆప్షన్లు చూడకముందే సొంత మాట ఊహించుకోవాలి. ‘అయినా’, ‘అందువల్ల’ లాంటి అర్థాన్నిచ్చే మాటలే దారి చూపిస్తాయి. తప్పుకు మార్కుల కోత లేదు.. ఏదీ వదలొద్దు.

రెండు భాషల్లో బజారు బేరాలాడే నోటికి మూడోది లొంగకపోదు.