నల్ల ఇసుకలో హాఫ్నియం

చిప్పులు ఇసుకనుండి పుట్టునని తరచు చదువుచుండుటవలన, బారువ తీరమున నిలిచిన ఉద్దానవాసి తన కాళ్లక్రింది ఇసుకయే కంప్యూటరుకు ముడిసరుకు కాబోలునని తలచిన తప్పుపట్టవలసినది లేదు. కాని ఆ మాటలో సగమే నిజము. సిలికాను తీయుటకు సముద్రపు ఇసుకకంటె తెల్లని పలుగురాళ్లే మేలు. అందులకు శుద్ధియొక్కటే కారణము కాదు: విద్యుత్ కొలిమి అడుగున పుట్టెడు వాయువులు పైకి వచ్చుటకు రాళ్ల నడుమ సందులుండవలెను, సన్నని ఇసుక ఆ దారులను పూడ్చివేయును. రమారమి 2,000 డిగ్రీల వేడిమిలో బొగ్గునందలి కర్బనము పలుగురాతిలోని ఆక్సిజనును హరించి సిలికానును మిగుల్చును. రావివలసలోని ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారమున క్రోమియపు ఖనిజమును లోహముగా మార్చినదియు ఈ కర్బనమే.

ఇట్లు వచ్చిన సిలికాను నూటికి 98, 99 పాళ్లు శుద్ధము. లోహపు పనులకిది చాలును గాని చిప్పునకు ఏ మూలకును చాలదు. కనుక దానిని పొడిచేసి, హైడ్రోజన్ క్లోరైడుతో కలిపి, ట్రైక్లోరోసిలేన్ అను ద్రవముగా మార్చుదురు. ఇది దాదాపు 32 డిగ్రీలకే, అనగా టెక్కలి మండువేసవి ఎండకే, మరుగును; కావున బోరాను, ఫాస్ఫరసు మొదలగు మాలిన్యములను మరల మరల స్వేదనము చేసి వేరుచేయవచ్చును. ఆ బాష్పమును హైడ్రోజనుతోకూడ, ఎఱ్ఱగా కాలిన సన్నని సిలికాను కడ్డీలపై ప్రసరింపజేసినచో, శుద్ధమైన సిలికాను పొరలుగా పేరుకొనును. అప్పటికి నూరుకోట్ల పరమాణువులలో అన్యము ఒకటికి మించరాదు.

ఉద్దానపు ఇసుకకు చిప్పుతో గల చుట్టరికము వేరొక దారిని వచ్చినది. తూర్పు కనుమల ఖొండలైటు శిలలు యుగయుగములుగా వానలకు శిథిలమై, మహేంద్రతనయ, వంశధారల వెంట సముద్రము చేరగా, అలలు తేలికవానిని కొనిపోయి బరువువానిని ఒడ్డున విడిచినవి. గార్నెట్టు, ఇల్మనైటు, సిల్లిమనైటులతోపాటు ఆ ఇసుకలో జిర్కాను కలదు. జిర్కానులోని జిర్కోనియమును అంటిపెట్టుకొని, నూటికి రెండు పాళ్ల ప్రాంతమున, హాఫ్నియం ఉండును. పరమాణు పరిమాణమున ఈ రెండును కవలలు. అందుచేతనే హాఫ్నియం ఉనికి 1923 వరకు, కోపెన్‌హాగన్‌లో కోస్టరు, హెవెషీలు ఎక్స్-కిరణములతో పట్టుకొనువరకు, ఎవరికిని తెలియలేదు.

కాని జిర్కోనియమును వాడు అణురియాక్టరు ఈ కవలలు కలిసియుండుటను సహింపదు. జిర్కోనియం న్యూట్రాన్లను పోనిచ్చును, హాఫ్నియం మ్రింగివేయును. హైదరాబాదులో 1971లో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో జిర్కానును క్షారముతో కరగించి, నత్రికామ్లమున కలిపి, ట్రైబ్యుటైల్ ఫాస్ఫేటు అను ద్రావణితో జిర్కోనియమును లాగివేయుదురు. హాఫ్నియం ఆమ్లములోనే మిగిలిపోవును.

ఇట్లు వేరుపడిన లోహమునకు చిప్పుల లోకమున గిరాకీ పుట్టినది ఇటీవలనే. ట్రాన్సిస్టరు ద్వారమువద్ద బంధకముగా నుండు సిలికాన్ డయాక్సైడు పొర, నానాటికి పలుచనై, ఒక నానోమీటరును సమీపింపగా, ఎలక్ట్రాన్లు దానిగుండా జారిపోసాగినవి. 2007లో ఇంటెల్ సంస్థ దాని స్థానమున హాఫ్నియం ఆధారిత ఆక్సైడును ప్రవేశపెట్టెను. దీని విద్యుద్రోధక స్థిరాంకము సుమారు అయిదింతలు. కావున పొర మందముగానున్నను ద్వారము అదుపు తప్పదు. చిత్రమేమనగా, అంత ప్రయాసతో విడదీసిన ఆ రెండు లోహముల ఆక్సైడులనే, సరిసమానముగా మరల కలిపి, విద్యుత్తు ఆగినను మరువని కొత్త జ్ఞాపకపు చిప్పులను చేయుటకు నేడు ప్రయోగశాలలు శ్రమించుచున్నవి.