వీధి దీపానికీ ఓ స్విచ్చి

చింతలపూడి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్న రోజుల్లో, అంటే 2014–15లో, ప్రభుత్వం ఇంటికి రెండేసి ఎల్.ఇ.డి. బల్బులు ఇవ్వడం చాలామంది గృహిణులకు గుర్తుండే ఉంటుంది. పాత బల్బు ఇచ్చి 10 రూపాయలు కడితే కొత్తది చేతికొచ్చేది. 60 వాట్ల చోట 7 వాట్లు! అలాగని పట్టపగలు వంటింట్లో దీపం వదిలేస్తామా? చెయ్యి ఊరుకోదు, స్విచ్చి మీదికి పోతుంది.

మరి వీధిలో?

ఊళ్లో వీధి దీపాలు పంచాయతీ బాధ్యతని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. వాటి కరెంటు ఖర్చు మనం కట్టే ఇంటి పన్నులాంటి సొమ్ములోంచే పోవాలి. ఓసారి లెక్క వేద్దాం. చోక్‌తో కలిపి 50 వాట్లు తీసుకునే పాత ట్యూబ్‌లైట్లు 100 ఉన్నాయనుకోండి. రాత్రి 11 గంటలు వెలిగితే 55 యూనిట్లు. వాటి బదులు 20 వాట్ల ఎల్.ఇ.డి.లు పెడితే 22 యూనిట్లే. బాగానే ఉంది. కానీ తెల్లారాక ఆర్పే దిక్కులేక అవే 24 గంటలూ వెలిగితే 48 యూనిట్లు! మార్చిన లాభమంతా ఇంచుమించు ఎండలో పోసినట్టే.

పొద్దున్నే కళ్లాపి చల్లేటప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి. దీపం వెలుగుతుంటే స్తంభం నంబరు రాసుకుని పంచాయతీ ఆఫీసులో చెప్పండి. ఒకటి రెండు కాదు, వీధంతా అలాగే ఉంటే, వేళకి దానంతటదే ఆరిపోయే టైమర్ స్విచ్చి పెట్టమని గ్రామసభలో అడగండి. మగవాళ్లు అడుగుతారులే అని ఊరుకోకండి, వాళ్లు లేచేసరికి బారెడు పొద్దెక్కుతుంది!

సోలార్ పలకలంటారా, పగటిపూట నడిచే పంచాయతీ ఆఫీసుకీ, మంచినీళ్ల మోటారుకీ అవి బాగా నప్పుతాయి. ఆ మాట కూడా అదే సభలో ఎత్తవచ్చు.