కరోనా తగ్గింది... మరి షుగర్?

‘కరోనాకు ముందు నాకు షుగర్ లేదండీ. స్టెరాయిడ్లు వాడాకే వచ్చింది.’ గుంటూరు, ప్రకాశం జిల్లాల ఓపీల్లో ఇప్పటికీ వినిపించే మాట ఇది. కొందరి విషయంలో నిజమే. మరికొందరిలో షుగర్ అప్పటికే ఉంది. పరీక్ష చేయించుకోక బయటపడలేదంతే.

ఇన్ఫెక్షన్ సోకినప్పుడు ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లు పెరుగుతాయి. కాలేయం గ్లూకోజును ఎక్కువగా వదులుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దీనికి స్టెరాయిడ్ తోడైతే షుగర్ మరింత పెరుగుతుంది.

ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగులకు డెక్సామెథాసోన్ ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అధ్యయనం తేల్చింది. మోతాదు రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనిపించలేదు. అయినా 2021 వేసవిలో జ్వరం రాగానే ఇంట్లోనే వాడినవారున్నారు. అదుపు తప్పిన షుగర్, స్టెరాయిడ్లు కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారితీశాయి. ఆ మే నెలలోనే మన రాష్ట్రం దాని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది.

ఏ పరీక్ష? ఎప్పుడు?

ఉదయం స్టెరాయిడ్ వేసుకుంటే పరగడుపు షుగర్ మామూలుగానే ఉండొచ్చు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పెరుగుతుంది. కాబట్టి మధ్యాహ్న భోజనం చేసిన 2 గంటలకు కూడా చూడాలి.

హెచ్‌బీఏ1సీ గత మూడు నెలల సగటు చెబుతుంది. జబ్బు పడిన తొలిరోజుల్లోనే అది 6.5 శాతం, అంతకు మించి ఉంటే షుగర్ ముందునుంచే ఉన్నట్టు భావించాలి. అంతకన్నా తక్కువుంటే మూడు నెలలకు మళ్లీ చేయించండి. 5.7 నుంచి 6.4 వస్తే ముప్పు అంచున ఉన్నట్టే. ఏటా చూపించుకోవాలి. రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పుదారి పట్టించొచ్చు. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇవి మరవొద్దు

- ‘అది కరోనా షుగరే, అదే పోతుంది’ అనుకుని మందులు, ఇన్సులిన్ సొంతంగా మానొద్దు.
- షుగర్ ఉన్నవారికి వాంతులు, ఆయాసం, మగత ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.
- ముఖం ఒకవైపు వాపు, కంటినొప్పి, ముక్కు నుంచి నల్లటి స్రావం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు.
- జ్వరానికీ ఒళ్లునొప్పులకూ స్టెరాయిడ్ సొంతంగా వాడొద్దు.

కరోనా సమయంలో షుగర్ పెరిగి, ఆ తర్వాత మళ్లీ చూపించుకోని వారు మీ ఇంట్లో ఉన్నారా? ‘పత్తి తీతలు, మిర్చి కోతలు అయ్యాక చూద్దాంలే’ అనే అమ్మానాన్నలు ఊళ్లో ఉన్నారా? 30 ఏళ్లు దాటినవారికి పీహెచ్‌సీలో షుగర్ పరీక్ష ఉచితం. పంట పనులు ముగిసేదాకా ఆగకుండా ఈ వారమే చేయించండి.