నైట్రస్ ఆక్సైడ్‌ను నత్రజనిగా మార్చే రాగి ఎంజైము – గణన పరిశోధనలు, నేల ఆమ్లత్వం

పొలంలో వేసిన నత్రజని ఎరువు మొత్తం పైరుకు అందదు. నీరు నిలిచి ప్రాణవాయువు కొరవడిన నేలలో సూక్ష్మజీవులు నైట్రేటును వరుసగా నైట్రైటు, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్‌లుగాను, చివరకు నత్రజని వాయువుగాను మారుస్తాయి. దీనినే డీనైట్రిఫికేషన్ అంటారు. చివరి దశ పూర్తికాకపోతే నైట్రస్ ఆక్సైడ్ గాలిలో కలుస్తుంది. నూరేళ్ల కాలానికి లెక్కిస్తే దీని భూతాపన ప్రభావం అంతే బరువున్న బొగ్గుపులుసు వాయువుకు 273 రెట్లు.

నైట్రస్ ఆక్సైడ్ నత్రజనిగా మారినప్పుడు శక్తి వెలువడుతుంది. అయినప్పటికీ ఆ మార్పు దానంతట అది జరగదు. ఉత్ప్రేరకం లేనప్పుడు నత్రజని–ఆమ్లజని బంధం తెగడానికి మోలుకు సుమారు 250 కిలోజౌళ్ల అవరోధాన్ని దాటవలసి ఉంటుంది. ఈ అవరోధాన్ని తగ్గించేది నైట్రస్ ఆక్సైడ్ రిడక్టేజ్ అనే ఎంజైము. దీని క్రియాకేంద్రంలో నాలుగు రాగి పరమాణువులు గంధకంతో కలిసి ఒక గుచ్ఛంగా అమరి ఉంటాయి.

ఈ చర్యలోని మధ్యస్థ రూపాలు క్షణికమైనవి. వాటిని ప్రయోగశాలలో పట్టుకోవడం కష్టం. అందువల్ల శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ సాంద్రతపై ఆధారపడిన కంప్యూటర్ గణనలను ఆశ్రయించారు. ఆ గణనల ప్రకారం, సరళరేఖలా ఉండే నైట్రస్ ఆక్సైడ్ అణువు పూర్తిగా క్షయకరణం చెందిన గుచ్ఛంలోని రెండు రాగి పరమాణువుల నడుమ వంతెనలా చేరి వంగుతుంది. వంగిన అణువు రాగి నుండి ఎలక్ట్రాన్లను సులభంగా గ్రహిస్తుంది. దానితో బంధం బలహీనపడి తెగుతుంది. సమీపంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లం హైడ్రోజన్ బంధం ద్వారా ఇందుకు తోడ్పడుతుంది. కాబట్టి రాగి గుచ్ఛం సక్రమంగా ఏర్పడితేనే చివరి దశ సాగుతుంది.

సేద్యానికి సంబంధించిన కీలకాంశం ఇక్కడే ఉంది. పారాకాకస్ డీనైట్రిఫికాన్స్ బాక్టీరియాపై జరిగిన ప్రయోగాలలో, ఉదజని సూచిక 7 వద్ద ఏర్పడిన ఈ ఎంజైము 6 వద్ద దాదాపుగా ఏర్పడలేదు. జన్యు సందేశం మాత్రం వెలువడుతూనే ఉంది. అంటే ఆమ్లత్వం వల్ల లోపం ఆదేశంలో కాక ఎంజైము నిర్మాణంలో తలెత్తుతోంది. ఆమ్ల నేలల నుండి నైట్రస్ ఆక్సైడ్ వాటా అధికంగా వెలువడడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అయితే ఈ గణనలు ఒక ఎంజైముకు సంబంధించినవే. పొలం నుండి ఎంత వాయువు వెలువడుతుందో అవి చెప్పలేవు. తేమ, సేంద్రియ కర్బనం, నైట్రేటు నిల్వ కూడా దానిని నిర్ణయిస్తాయి. ఉదాహరణకు, వరిలో తడి–పొడి పద్ధతి మీథేన్‌ను తగ్గించినా నైట్రస్ ఆక్సైడ్‌ను పెంచవచ్చు. కనుక ఆమ్ల నేలల్లో భూసార పరీక్ష ననుసరించి సున్నం వేయడం, యూరియాను పైరు అవసరాన్నిబట్టి దఫాలుగా వేయడం, నీటి యాజమాన్యం – ఈ మూడింటినీ కలిపి క్షేత్రస్థాయిలో కొలిచి చూడడం అవసరం.