కాన్నే నుంచి అడ్రియానోపుల్ దాకా: రోమన్ సామ్రాజ్య ఉత్థాన పతనాలు

క్రీ.పూ. 216లో దక్షిణ ఇటలీలోని కాన్నే వద్ద కార్తేజ్ సేనాని హన్నిబాల్ ఒక్క రోజులో రోమన్ మహాసైన్యాన్ని తుడిచిపెట్టాడు. మృతులు సుమారు 50 వేలని చరిత్రకారుడు లివీ, 70 వేలని పాలిబియస్ రాశారు. అయినా రోమ్ సంధికి అంగీకరించలేదు. ప్రభుత్వమే 8 వేల మంది బానిసలను కొని సైన్యంలో చేర్చుకుంది. 14 ఏళ్ల తరువాత జామా యుద్ధంలో అదే హన్నిబాల్‌ను ఓడించింది.

క్రీ.శ. 378లో అడ్రియానోపుల్ వద్ద గోత్ తెగల చేతిలో చక్రవర్తి వాలెన్స్ మరణించాడు. అతని సైన్యంలో దాదాపు మూడింట రెండు వంతులు నశించింది. కాన్నే తరువాత ఇంతటి సంహారం జరగలేదని ఆనాటి చరిత్రకారుడు అమ్మియానస్ పేర్కొన్నాడు. అప్పటికి రోమ్ బ్రిటన్ నుంచి ఈజిప్టు వరకు విస్తరించిన సామ్రాజ్యం. అయినప్పటికీ ఈ దెబ్బ నుంచి మునుపటిలా తేరుకోలేకపోయింది. చిన్న రాజ్యం తట్టుకున్న ఓటమిని మహాసామ్రాజ్యం ఎందుకు తట్టుకోలేకపోయింది?

రోమ్ తొలినాటి బలం ఆయుధాలలో కన్నా, ఓడినవారితో అది కుదుర్చుకున్న ఒప్పందాలలో ఉంది. క్రీ.పూ. 338లో తిరుగుబాటు చేసిన లాటిన్ నగరాలను జయించాక, వాటిలో కొన్నింటికి పూర్తి పౌరసత్వం, మరికొన్నింటికి పరిమిత హక్కులు ఇచ్చింది. ఇటలీలోని మిత్రరాజ్యాల నుంచి కప్పం అడగలేదు, సైనికులను అడిగింది. స్థానిక పాలనను వారికే వదిలి, గెలిచిన సొమ్ములో వాటా ఇచ్చింది. నిన్నటి శత్రువు రేపటి సైన్యానికి ఆధారమయ్యాడు. ఒక్క పెద్ద విజయంతో ఈ మిత్రులంతా విడిపోతారని హన్నిబాల్ ఆశించాడు. కాన్నే తరువాత కపువా వంటి నగరాలు అతని పక్షం చేరినా, లాటిన్ నగరాలు రోమ్‌ను వీడలేదు.

ఆపై విజయాలే సంపదను తెచ్చాయి. క్రీ.పూ. 167లో మాసిడోనియా ధనం వచ్చిపడటంతో, ఇటలీలోని రోమన్ పౌరులపై ప్రత్యక్ష పన్ను వసూలే నిలిపివేశారు. అయితే ఏళ్ల తరబడి యుద్ధాల్లో ఉన్న చిన్న రైతుల భూములు అనేకచోట్ల సంపన్నుల చేతికి చేరాయి. భూ పంపిణీకి పూనుకున్న టైబీరియస్ గ్రాకస్‌ను క్రీ.పూ. 133లో హత్య చేశారు. భూమి లేనివారు సైన్యంలో పెరిగేకొద్దీ, సైనికుడు భూమి కోసం ప్రభుత్వం వైపు కాక తన సేనాని వైపు చూడసాగాడు. సుల్లా, జూలియస్ సీజర్ సొంత సేనలతో రోమ్‌పైకే నడిచారు. అంతర్యుద్ధాలు ముగిశాక, క్రీ.పూ. 27లో అగస్టస్ ఏకవ్యక్తి పాలన స్థాపించాడు.

అసలు మలుపు ఇక్కడే ఉంది. క్రీ.శ. 6లో అగస్టస్ సైనికుల పదవీ విరమణ చెల్లింపుల కోసం ప్రత్యేక ఖజానా ఏర్పరచి, వారసత్వ ఆస్తిపై 5 శాతం పన్ను విధించాడు. మూడేళ్లకు జర్మనీ అడవుల్లో మూడు లీజియన్లు నాశనమయ్యాయి. ట్రాజన్ డేసియా విజయం వంటివి మినహా, పెద్ద దండయాత్రలు తగ్గాయి. ఒకప్పుడు ధనం తెచ్చిన సైన్యం ఇప్పుడు ధనం కోరసాగింది.

ఆ భారం నాణేలపై పడింది. 64వ సంవత్సరం ప్రాంతంలో నీరో వెండి నాణెంలో వెండి తగ్గించాడు. 268 నాటికి అందులో 5 శాతం కూడా మిగలలేదు. భారతదేశంతో వాణిజ్యం వల్ల ఏటా అపార ధనం తరలిపోతోందని ప్లీనీ వాపోయాడు. ఆ వాణిజ్యం జాడలు నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో లభించిన రోమన్ వెండి నాణేలలో నేటికీ కనిపిస్తాయి. దక్షిణ భారతంలో దొరికిన ఇలాంటి నాణేలలో అత్యధికం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివే కావడం గమనార్హం. వెండి నాణ్యతను ఇక్కడి వర్తకులు బాగానే పసిగట్టినట్టున్నారు.

212లో కారకల్లా సామ్రాజ్యంలోని స్వతంత్రులు దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చాడు. వారసత్వ పన్ను చెల్లించేవారిని పెంచడమే దీని ఉద్దేశమని ఆనాటి చరిత్రకారుడు డియో విమర్శ. 235 నుంచి 284 వరకు ఇరవై మందికి పైగా చక్రవర్తులు మారారు. వారిలో చాలామంది సొంత సైనికుల చేతుల్లోనే మరణించారు. డయోక్లీషియన్, కాన్‌స్టాంటైన్ పాలనను మళ్లీ గాడిన పెట్టినా, ఖర్చు తగ్గలేదు. విలాసాలే రోమ్‌ను కూల్చాయన్న మాట తరచూ వినిపిస్తుంది. కానీ నీరో విందుల తరువాత కూడా పశ్చిమ సామ్రాజ్యం 400 ఏళ్లు నిలిచింది.

376లో హూణుల ధాటికి గోత్‌లు డాన్యూబ్ నది దాటి ఆశ్రయం కోరారు. వారిని సైనికులుగా, రైతులుగా మలచుకునే అవకాశం ఉంది. పాత రోమ్ అదే చేసేది. అయితే సరిహద్దు అధికారులు ఆకలితో ఉన్నవారికి కుక్క మాంసం ఇచ్చి, ఒక్కో కుక్కకు ఒక్కో మనిషిని బానిసగా తీసుకున్నారని అమ్మియానస్ రాశాడు. తిరుగుబాటు అనివార్యమైంది. దాని పర్యవసానమే అడ్రియానోపుల్. 382లో కుదిరిన ఒప్పందం గోత్‌లకు సామ్రాజ్యంలోనే భూమి ఇచ్చింది. వారు సొంత నాయకుల కింద రోమ్ తరఫున యుద్ధం చేశారు. అలా రోమన్ సేనతో కలిసి పోరాడిన అలారిక్, 410లో రోమ్ నగరాన్నే దోచుకున్నాడు.

439లో వాండల్స్ కార్తేజ్‌ను ఆక్రమించడంతో, ఉత్తర ఆఫ్రికా ధాన్యం, పన్నులు పశ్చిమ ప్రభుత్వానికి దూరమయ్యాయి. జీతాలు లేని సైన్యం క్రమంగా కరిగిపోయింది. 476లో సేనాని ఓడోయాకర్ బాలుడైన చక్రవర్తి రోములస్ అగస్టులస్‌ను పదవి నుంచి తొలగించాడు, చంపలేదు. పశ్చిమానికి ఇక వేరే చక్రవర్తి అవసరం లేదంటూ రాజచిహ్నాలను కాన్‌స్టాంటినోపుల్‌కు పంపించారు. అక్కడివారు తమను రోమన్లనే పిలుచుకుంటూ 1453 వరకు కొనసాగారు.