సిగ్గుపడి దాచుకుంటే చేటే!
కుర్రవాళ్లలో ‘వెరికోసీల్’

పదో తరగతి ఈడు కుర్రవాడు. స్నానం చేసేటప్పుడు ఎడమ వృషణం పైన వానపాముల ముద్దలాంటిది చేతికి తగులుతుంది. నొప్పి ఉండదు. ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గు. తెలిసినా పెద్దలు వరిబీజమనుకుని పసరు మందులకు తిప్పుతుంటారు.

ఇది వరిబీజం కాదు. వరిబీజంలో నీరు చేరుతుంది. ఇందులో చెడు రక్తాన్ని పైకి తీసుకుపోయే సిరలు ఉబ్బుతాయి. డాక్టర్లు దీన్ని వెరికోసీల్ అంటారు. ఈడొచ్చిన మగపిల్లల్లో నూటికి సుమారు 15 మందికి ఉంటుంది. నిలబడితే ఉబ్బు కనిపిస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. పడుకున్నా తగ్గకపోయినా, కుడివైపు మాత్రమే వచ్చినా వెంటనే చూపించాలి.

అందరికీ ఆపరేషన్ అక్కరలేదు. ముందు స్కానింగులో కొలుస్తారు. ఉబ్బు ఉన్నవైపు వృషణం రెండోదానికంటే 20 శాతానికి మించి చిన్నదై, కొన్ని నెలల తర్వాత కొలిచినా ఆ తేడా పోకపోతే, లేదా నొప్పి బాధిస్తుంటే ఆపరేషన్ సూచిస్తారు. అశ్రద్ధ చేస్తే కొందరికి పెద్దయ్యాక సంతానం కలగడం కష్టమవుతుంది.

మైక్రోసర్జరీలో గజ్జ దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల కోత పెడతారు. మైక్రోస్కోపులో 10 నుంచి 25 రెట్లు పెద్దవి చేసి చూస్తూ ఉబ్బిన సిరలను మాత్రమే ముడివేస్తారు. మంచి రక్తం తెచ్చే ధమని జోలికి, నీరు లాగే సన్నని నాళాల జోలికి పోరు. అందుకే తర్వాత వరిబీజం రావడం, ఉబ్బు తిరగబెట్టడం అరుదు. చాలామందిలో వెనకబడిన వృషణం మళ్లీ ఎదుగుతుంది. కొన్ని వారాలు బస్తాలు మోయకూడదు.

ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే మాత్రం అది వృషణం మెలిపడటం కావచ్చు. 6 గంటలు దాటకముందే ఆస్పత్రికి చేర్చాలి.

కాలు విరిగితే దాచుకోని మనం దీన్ని దాచుకోవడమెందుకు?