మాటలే మందు: ఆరేడు విడతల్లో ఊరట

ఏలూరు: నిద్ర పట్టదు. అన్నం సయించదు. ఏ పని మీదా మనసు నిలవదు. గోదావరి పల్లెల్లో ఇలాంటి వారిని ఇప్పటికీ కొందరు గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు, నీరసమని సెలైన్ పెట్టించడానికి తీసుకుపోతున్నారు. ఆరు నుంచి ఎనిమిది విడతలు కూర్చోబెట్టి మాట్లాడితే ఈ దిగులు చాలామందిలో తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. స్వల్పకాలిక మనోచికిత్స అంటే ఇదే.

ఇది ధైర్యం చెప్పి పంపడం కాదు. ఉదాహరణకు రొయ్యల చెరువు దెబ్బతిని, అప్పులవాళ్లకు ముఖం చూపలేక మంచం దిగని రైతును తీసుకుందాం. పని మానేస్తే దిగులు పెరుగుతుంది, దిగులు పెరిగితే పని మరింత మూలపడుతుంది. మొదటి విడతలో ఆయన చేతనే ఈ చక్రం చెప్పిస్తారు. తర్వాత చిన్న పనులు అప్పగిస్తారు. పొద్దున్నే చెరువు గట్టు దాకా వెళ్లి రావాలి. అప్పులన్నీ కాగితం మీద రాయాలి. ఒక్కరితో గడువు మాట్లాడాలి. వచ్చే విడతలో ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని చూస్తారు. దిగులు తిరగబెడితే ఏం చేయాలో చివరి విడతల్లో నేర్పుతారు. అప్పు తీరదు గాని, తీర్చే దారి వెతికే ఓపిక వస్తుంది.

గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, డాక్టర్లు కాని సలహాదారులతోనే ఈ పద్ధతి నడిపించి చూశారు. మూడు నెలలకు ఈ చికిత్స పొందినవారిలో 64 శాతం మంది కోలుకోగా, మామూలు వైద్యం పొందినవారిలో 39 శాతమే కోలుకున్నారని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

మన వైపు ఇబ్బంది అంతకు ముందు మెట్టులోనే ఉంది. అప్పటి ఉమ్మడి పశ్చిమ గోదావరిలోని 30 గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ట్యాబ్‌లతో ఇంటింటా ప్రశ్నలు అడిగించింది. "పిచ్చి" అన్న ముద్ర పోగొట్టేందుకు ప్రచారం చేయించింది. దిగులు, ఆందోళన ఉన్నట్టు తేలినవారిలో వైద్యం పొందినవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారని 2017లో ఫలితాలు వెలువడ్డాయి. పెరుగుదల మంచిదే. అయినా ఎనిమిది మందిలో ఏడుగురు వైద్యం దాకా రానేలేదు.

చనిపోవాలన్న ఆలోచన వచ్చినా, లేని మాటలు వినబడుతున్నా మాటల చికిత్స ఒక్కటే చాలదు. వెంటనే మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 నంబరులో రేయింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఫోనుతో పాటు, వారానికి ఒక పూటైనా ఆరోగ్య కేంద్రంలో శిక్షణ పొందిన మనిషి కూర్చుని వినే ఏర్పాటు చేయవలసిన అవసరం ఎంతైనా ఉంది.